ఒక నేల, మూడు జన్మలు

మన దేశంలో స్థలపురాణం లేని ఊరు అరుదు. కొండ కనబడితే ఏ ముని తపస్సు చేసినాడని అడుగుతాము; మడుగు కనబడితే ఏ దేవత జలకమాడినదని అడుగుతాము. పడమటి దేశాల వారికి ఈ అలవాటు లేదనీ, వారు నేలను గజాలతో కొలుస్తారే గాని కథలతో కొలవరనీ మనలో ఒక అభిప్రాయం ఉన్నది. అది పొరబాటని చెప్పడానికి అమెరికాలోని చికాగో నగరంలో ఒక చోటు ఉన్నది. ఆ నగర విశ్వవిద్యాలయంలో, 56వ వీధికీ 57వ వీధికీ నడుమ, నేడు ఒక మహా గ్రంథాలయం నిలిచి ఉన్నది. దానికి పడమటి పక్కన, పుర్రెనూ పుట్టగొడుగునూ ఒక్కసారే తలపించే కంచు శిల్పం ఒకటి ఉన్నది. సుమారు యాభై వేల మంది కూర్చుని కేకలు పెట్టిన ఫుట్‌బాల్ క్రీడారంగం ఒకనాడు అక్కడ ఉండేదని ఎవరైనా చెబితే తప్ప బాటసారికి తెలియదు.

ఆట కోసం పుట్టిన ఆ నేల యుద్ధం కోసం మరొకసారి పుట్టినది. చదువు కోసం మూడవసారి పుట్టినది. విశ్వవిద్యాలయం దేనికన్న ప్రశ్నకు అది మూడుసార్లు మూడు జవాబులు చెప్పినది. ఆ జవాబులను కొంచెం విచారించి చూడడం మన విశ్వవిద్యాలయాల క్షేమం కోరే వారికి నిష్ప్రయోజనం కాదని మా నమ్మకం.

చికాగో విశ్వవిద్యాలయం 1890లో స్థాపితమై 1892లో తలుపులు తెరచినది. కిరసనాయిలు వ్యాపారంలో కుబేరుడైన జాన్ డి. రాక్‌ఫెల్లర్ ధనమిచ్చినాడు. హీబ్రూ భాషలో మహాపండితుడైన విలియం రెయినీ హార్పర్ మొదటి అధ్యక్షుడైనాడు. అధ్యక్షుడంటే అక్కడ మన వైస్‌ఛాన్సలరు వంటివాడు. హార్పర్‌కు తొందర ఎక్కువ. పాత విద్యాలయాలు వందలయేండ్లలో గడించిన పేరును తన విద్యాలయం తన కండ్లయెదుటనే గడించవలెనని ఆయన పట్టు. అందుకోసం నలుమూలల నుంచి పండితులను పిలిపించినాడు. పండితులతో పాటు, యేల్‌లో తన వద్ద చదువుకున్న ఆమోస్ ఆలొంజో స్టాగ్ అనే యువకుని కూడా పిలిపించినాడు. స్టాగ్ మతబోధకుడు కాదలచి వేదాంతం చదివినవాడు; తన పలుకు ప్రసంగవేదిక మీద కన్న ఆటస్థలంలో బాగా సాగుతుందని గ్రహించి దారి మార్చుకున్నవాడు. హార్పర్ ఆయనను వ్యాయామశాఖకు అధిపతిని చేసి, ఆచార్యులతో సమానమైన హోదాను, స్థిరమైన ఉద్యోగాన్ని ఇచ్చినాడు. బంతి ఆట నేర్పేవానికి పండితుల పంక్తిలో పీట వేయడం అమెరికా అంతవరకు ఎరుగని సంగతి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు కాలితో తన్ని ఆడే ఆట కాదు. కోలగా ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తడం, ఎదుటివారు మీదపడి వానిని నేలకు కూల్చడం, గజం గజంగా శత్రువు సీమలోకి చొచ్చుకుపోవడం దాని తీరు. ఆటకు పేరు పాదానిదే అయినా పని భుజాలది. మన పల్లెల్లోని చెడుగుడు ఒక సైన్యమంత పెద్దదైతే ఎట్లుండునో అట్లుండునని చెప్పవచ్చును.

ఈ ఆటకు స్థలం కావలసి వచ్చినది. నగరంలోని పెద్ద వర్తకుడు మార్షల్ ఫీల్డ్ తన భూమిని వాడుకోనిచ్చినాడు. స్టాగూ విద్యార్థులూ స్వయంగా పనిలోకి దిగి చుట్టూ కంచె నిలబెట్టినారు. 1893లో అక్కడ ఆట మొదలైనది. దాత పేరిట దానికి ‘మార్షల్ ఫీల్డ్’ అని పేరు పెట్టినారు. ఆంగ్లంలో ఫీల్డ్ అంటే మైదానం గనుక, పేరూ వస్తువూ ఒకటే అయినవి. అదే సంవత్సరం చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగినది. మైదానానికి కొద్ది వీధుల దూరంలో, ఆకాశాన్నంటే రంగులరాట్నం తిరిగినది. వివేకానందస్వామి సర్వమత సభలో ప్రసంగించినది కూడా ఆ సంవత్సరమే, ఆ నగరంలోనే. ఒక చోట తూర్పు దేశపు సన్న్యాసి మనుషులందరూ ఒకటే అంటున్నాడు. మరొకచోట ఇరుపక్షాల కుర్రవాళ్ళు ఒకరినొకరు నేలకు కూల్చడం అభ్యసిస్తున్నారు. నగరాలు ఒకే గొంతుతో మాట్లాడవు కదా!

మైదానం త్వరగా పెరిగినది. మొదట చెక్క మెట్లు, తరువాత కాంక్రీటు మెట్లు వెలసినవి. కోటగోడ వంటి పడమటి కట్టడానికి బురుజులు కూడా ఏర్పడినవి. స్టాగ్ జట్టు 1899 మొదలు 1924 వరకు ఏడుసార్లు తన కూటమిలో ప్రథమస్థానం గెలిచినది. వాటిలో 1905 నవంబరు 30న జరిగిన పందెం నేటికీ చెప్పుకోదగినది. ఏనాటినుంచో ఓటమి ఎరుగని మిచిగన్ జట్టు వరుసగా 56 పందెములు సాగి అక్కడికి వచ్చినది. సుమారు 27,000 మంది చూస్తుండగా చికాగో రెండు పాయింట్లతో గెలిచినది. మిచిగన్ వారికి ఒక్క పాయింటు కూడా రాలేదు.

ఆ రెండు పాయింట్లకు కారణమైన చిన్న పొరబాటు మిచిగన్ ఆటగాడు డెన్నిసన్ క్లార్క్‌ది. బంతి పట్టుకున్నవాడు నిలబడక ముందుకు సాగబోయి, సొంత గీత వెనుకకు నెట్టబడినాడు. పత్రికలు ఆ పేరును పెద్ద అక్షరాలతో అచ్చువేసినవి. ఇరవైయేడు సంవత్సరాల తరువాత, 1932లో, ఆయన తన ప్రాణాన్ని తానే తీసుకున్నాడు. ఆనాటి పొరబాటుకు ఇది కొంత ప్రాయశ్చిత్తమన్న అర్థం వచ్చే లేఖ ఒకటి విడిచిపెట్టినాడని చెప్పుకున్నారు. ఒక మనిషి బ్రతుకులో ఎన్ని దుఃఖాలుంటవో బయటివారికి తెలియదు. ఒక్క కారణంతో చావును వివరింపబూనడం తగదు. కాని ఇరవై యేండ్ల కుర్రవాడు ఆటలో వేసిన ఒక తప్పటడుగు జీవితకాలం వెంటాడే భారమైనదంటే, ఆ భారాన్ని తయారుచేసినది ఆట కాదు. మెట్ల మీద కూర్చున్న మనమందరమూను.

గెలుపు వెంట రాబడి వచ్చినది. రాబడి వెంట రాజీ వచ్చినది. ఆ 1905 నాటి గెలుపుకు నాయకుడు వాల్టర్ ఎకర్సాల్. దేశమంతటా ఆయన పేరు మారుమ్రోగినది. ఆటలో అంత పేరు తెచ్చిన ఆ విద్యార్థి చివరకు డిగ్రీ లేకుండానే విద్యాలయం విడిచినాడు. ఆయన అక్కడ చదువుకొనడానికి వచ్చినాడా, ఆడడానికి తేబడినాడా అన్న ప్రశ్నను టిక్కెట్టు కొన్నవారెవరూ అడగలేదు. ఆ సంవత్సరమే దేశంలో ఈ ఆట ఆడుతూ 18 మంది యువకులు మరణించినారని పత్రికలు లెక్క చెప్పినవి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద విద్యాలయాల వారిని పిలిపించి ఆటను సంస్కరించవలసినదని హెచ్చరించినాడు. మరుసటి యేట నిబంధనలు మారినవి. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చినది. మీదపడి నలిపివేయడం కొంత తగ్గినది. నిబంధనలు మారినవి గాని మెట్లు మాత్రం పెరుగుతూనే ఉన్నవి.

హార్పర్ 1906 జనవరిలో మరణించినాడు. 1914 నాటికి మైదానం పేరు కూడా మారినది. నేలనిచ్చిన వర్తకుని పేరు తొలగి, ఆట నేర్పిన గురువు పేరు నిలిచినది. అప్పటినుంచి అది ‘స్టాగ్ ఫీల్డ్’. బ్రతికి ఉన్న ఉపాధ్యాయుని పేరు తన నేలకు పెట్టుకున్న విద్యాలయాన్ని మెచ్చుకోవలసినదే. స్టాగ్ నిజముగా గురువే. పొగ త్రాగనివాడు, మద్యం ముట్టనివాడు, నిష్ఠాపరుడు. శిష్యుల నడవడిని తన బాధ్యతగా తలచినవాడు. ఆయన చేసినది వ్యాపారమని ఎవరూ అనలేరు. అయినా ఆయన చుట్టూ వ్యాపారం వెలసినది. ఒక మంచివాని నీడలో కూడా చెడుగు మొలకెత్తగలదని చెప్పడానికి ఇది ఉదాహరణ.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత అమెరికా విశ్వవిద్యాలయాలకు క్రీడారంగాల వ్యామోహం పట్టినది. ఇల్లినాయ్ ఒకటి కట్టినది. 1927లో మిచిగన్ 70,000 మందికి పైగా పట్టే దానిని నేలలోకి తవ్వి కట్టినది. వీరందరూ ఒకప్పుడు స్టాగ్ చేతిలో ఓడినవారే. చిన్న విద్యాలయమైన చికాగో ఈ పోటీలో వెనుకబడినది. అక్కడి చదువు కష్టతరమవుతున్నది. ఆట కోసమే వచ్చేవారికి అక్కడ చోటు తగ్గుతున్నది. ఈ సంధికాలంలో, 1929లో, రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ అధ్యక్షుడుగా వచ్చినాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై సంవత్సరాలు. విద్యార్థి తొలుత చదువవలసినవి మహాగ్రంథాలని, విద్యాలయం మనస్సును పదునుపెట్టే చోటని ఆయన మతం. డెబ్బై నిండిన ఉద్యోగులు విరమించవలెనన్న నియమాన్ని ఆయన స్టాగ్‌కు కూడా వర్తింపజేసినాడు. 41 సంవత్సరాలు ఆ మైదానాన్ని ఏలిన గురువు 1932తో సెలవు తీసుకుని, విశ్రాంతిని అంగీకరించక, కాలిఫోర్నియా వెళ్ళి మరొక కళాశాలలో పధ్నాలుగేండ్లు ఆట నేర్పినాడు. 1965లో, 102 సంవత్సరాల వయస్సున కన్నుమూసినాడు.

దీపం ఆరిపోయే ముందు ఒకసారి వెలిగినట్లు, ఆ మైదానానికి కూడా చివరి వెలుగు కలిగినది. 1933లో క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక పాఠశాల విద్యార్థి అక్కడ 100 గజాలను 9.4 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. ఆ నల్లజాతి కుర్రవాడే జెస్సీ ఓవెన్స్. మూడేండ్ల తరువాత బెర్లిన్‌లో హిట్లరు కండ్లయెదుట నాలుగు స్వర్ణపతకాలు గెలిచినవాడు. ఇక ఫుట్‌బాల్‌లో జే బెర్వాంగర్ అనే విద్యార్థి వచ్చినాడు. 1934లో మిచిగన్ జట్టులోని ఒక ఆటగాడు ఆయనను పడగొట్టబోయి కంటి కింద గాయం తెచ్చుకున్నాడు. ఆ ఆటగాడు జెరాల్డ్ ఫోర్డ్. 1974లో అమెరికా అధ్యక్షుడైనాడు. దేశంలోని ఉత్తమ ఆటగానికి ఇచ్చే ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్నది బెర్వాంగరే. తరువాత దానికి హైస్మన్ పేరు వచ్చినది. జీతానికి ఆడే జట్లు ఆయనను అందరికన్న ముందుగా ఎంపిక చేసినా, ఆయన పోలేదు. ఆ ట్రోఫీని ఆయన పినతల్లి ఇంటి తలుపు మూసుకొనకుండా అడ్డు పెట్టుకున్నదట! కీర్తికి అంతకన్న ఆరోగ్యకరమైన ఉపయోగం మాకు తోచడం లేదు.

బెర్వాంగర్ వెళ్ళిన తరువాత పతనం వేగంగా జరిగినది. 1938లో హచిన్స్ ఒక ప్రసిద్ధ పత్రికలో వ్యాసం వ్రాసి, విద్యాలయాలు టిక్కెట్ల రాబడికీ కీర్తికీ అమ్ముడుపోతున్నవని బాహాటంగా విమర్శించినాడు. 1939లో హార్వర్డ్ చికాగోను 61 పాయింట్లతోను, మిచిగన్ 85 పాయింట్లతోను, ఒహాయో స్టేట్ మళ్ళీ 61 పాయింట్లతోను ఓడించినవి. ఆ మూడు పందెములలోను చికాగోకు దక్కినది సున్న. ఆ డిసెంబరు 21న పాలకమండలి ఫుట్‌బాల్‌ను రద్దుచేసినది. పూర్వవిద్యార్థులు కోపించినారు, పత్రికలు విస్తుపోయినవి. ఓడిపోతున్నందున మానినారని కొందరు ఎగతాళి చేసినారు. ఆ ఎగతాళిలో కొంత నిజమున్నది. గెలిచే రోజులలోనే మానిపించి ఉంటే హచిన్స్ కీర్తి ఇనుమడించి ఉండేది. అయినా, ఓడిపోతున్న వారికి రెండు దారులుండినవి. చదువును సడలించి ఆటగాండ్రను కొని తేవడం ఒకటి. ఆటను విడిచి చదువును నిలుపుకొనడం ఒకటి. ఆ రోజులలో అమెరికాలో పలు విద్యాలయాలు మొదటి దారి పట్టినవి. రెండవ దారి పట్టడానికి ధైర్యం కావలసి ఉండినది. ఆ ధైర్యాన్ని ప్రశంసించడానికి మేము సంకోచించము.

హచిన్స్ దృష్టి ఎక్కడ ఉండినదో తెలుపడానికి మరొక సంగతి చాలును. 1938లో మన చంద్రశేఖర్ ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పాఠం చెప్పడానికి ఒక డీన్ మేనిరంగు కారణంగా అడ్డుచెప్పగా, ఆ అడ్డును త్రోసిపుచ్చి ఆయన చేత పాఠం చెప్పించినవాడు హచిన్సే. ఆ చంద్రశేఖర్ 1983లో నోబెల్ బహుమతి పొంది, కడవరకు చికాగోలోనే ఉండినాడు.

ఇట్లా మైదానం ఖాళీ అయినది. ఖాళీ అయిన చోటు ఊరక ఉండదు. ఇక్కడ కథ మలుపు తిరుగుతున్నది.

జర్మనీ అణ్వస్త్రం తయారుచేస్తున్నదేమో అన్న భయంతో అమెరికా 1942లో చికాగోలో ఒక రహస్య పరిశోధనశాలను నెలకొల్పినది. లోహశాస్త్ర ప్రయోగశాల అని దానికి పేరు పెట్టినారు. చేయదలచిన పని వేరు. దాని అధిపతి ఆర్థర్ కాంప్టన్. యురేనియం పరమాణువు ఒకటి చీలినపుడు వెలువడే న్యూట్రాన్లు మరికొన్నిటిని చీల్చగా, ఆ చీలిక తనంత తానుగా సాగగలదా అన్నది పరీక్షింపవలసిన ప్రశ్న. ఇటలీ నుంచి వచ్చిన ఎన్రికో ఫెర్మి దానికి నాయకుడు. నగరానికి దూరంగా ఉన్న అడవిలో ఆ ప్రయోగం జరుపవలెనని మొదట తలచినారు. అక్కడి భవన నిర్మాణం కార్మికుల సమ్మె వల్ల ఆలస్యమైనది. అప్పుడు స్టాగ్ ఫీల్డ్ పడమటి మెట్ల కింద, స్క్వాష్ ఆటకై కట్టిన గది ఒకటి వారికి కనిపించినది.

1942 నవంబరు 16 మొదలు రాత్రింబవళ్ళు ఆ గదిలో దొంతర పేర్చినారు. నలభై వేలకు పైగా గ్రాఫైట్ దిమ్మలు, ఆక్సైడు రూపంలోను లోహరూపంలోను సుమారు 50 టన్నుల యురేనియం, చీలికను అదుపుచేయడానికి కాడ్మియం పూతగల కడ్డీలు. గ్రాఫైట్ దుమ్ముతో పండితుల ముఖాలు బొగ్గుగనిలో పనివాండ్ర ముఖాల వలె నల్లబడినవి. గదిలో వేడి లేదు. చలికి వణుకుతున్న కాపలాదార్లకు ఇవ్వడానికి వెదకగా, పూర్వపు ఫుట్‌బాల్ రోజుల నాటి రకూన్ బొచ్చు కోట్లు దొరికినవట. మరణించిన ఆట తన కోట్లను పుట్టబోయే అణుయుగానికి తొడిగి పోయినదన్నమాట.

డిసెంబరు 2న 49 మంది ఆ గదిలో చేరినారు. కడ్డీలను ఒక్కొక్కటిగా లాగించుతూ, ఫెర్మి తన లెక్కల పుల్లతో ప్రతిసారీ ఫలితాన్ని ముందుగా గణించినాడు. ఆపద వస్తే తాడు నరికి కడ్డీని పడవేయడానికి ఒకరు గొడ్డలి పట్టుకుని నిలబడినారు. మధ్యలో ఫెర్మి మధ్యాహ్న భోజనానికి లేవమన్నాడు. అందరూ పోయి తిని వచ్చినారు. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో చివరి కడ్డీ కావలసినంత మేరకు కదలగా, లెక్కించే యంత్రాల టకటక శబ్దం ఎడతెగని రొదగా మారినది. మానవుడు మొట్టమొదటిసారి పరమాణుశక్తిని తన ఇచ్ఛతో విడిచి, తన ఇచ్ఛతో ఆపినాడు. పుట్టిన శక్తి అర వాటు మాత్రమే. ఒక చిన్న దీపానికి కూడా చాలదు. యూజీన్ విగ్నర్ తెచ్చిన ఇటలీ ద్రాక్షాసవాన్ని కాగితపు గిన్నెలలో పోసుకుని మౌనంగా త్రాగినారు. అందరూ వెళ్ళిన తరువాత లియో జిలార్డ్ ఫెర్మి చేయి పట్టుకుని, మానవజాతి చరిత్రలో ఇది చీకటి దినంగా నిలిచిపోగలదని అన్నాడు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా వీరగాథగా చెబుతారు. ఆ పండితుల మేధను, నిబ్బరాన్ని మేము తక్కువ చేయము. ఆనాటి భయం కూడా బూటకం కాదు. కాని ఒక విషయాన్ని దాటిపోరాదు. చికాగో నగర జనాభా ఆనాడు సుమారు 34 లక్షలు. ఆ దొంతరకు కవచం లేదు, చల్లార్చే ఏర్పాటు లేదు. ప్రమాదం సంభవించదని ఫెర్మి లెక్కలు చెప్పినవి, లెక్కలు సరిపోయినవి. అయితే ఆ లెక్కలను నమ్మి ఆ నేలను వాడుకొనడానికి ఎవరిని అడిగినారు? నగరాన్ని అడగలేదు, యుద్ధరహస్యం గనుక అడగలేకపోయినారందాము. విశ్వవిద్యాలయాధ్యక్షుడైన హచిన్స్‌ను కూడా అడగలేదు. ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు, ఈ అపాయాన్ని తూచజాలడు, అడిగితే వద్దనడం తప్ప చేయగలిగినది లేదు, ఆ జవాబు తప్పు అవుతుంది, కాబట్టి అడగలేదని కాంప్టన్ తరువాత చెప్పుకున్నాడు. ఈ వాదాన్ని పాఠకులు నిదానంగా ఆలోచింపవలెనని కోరుతున్నాము. వద్దంటారేమోనని అడగకపోవడం! రాజ్యాలు, కంపెనీలు ఈ నీతిని ఏనాటినుంచో ఎరుగును. విద్యాలయం దానిని అవలంబించినదని వినడం కష్టంగా ఉన్నది.

మూడు సంవత్సరాల క్రితం టిక్కెట్ల రాబడికి లొంగనన్న విద్యాలయం, తన ప్రమేయం లేకుండానే, అంతకన్న పెద్ద యజమానికి తన నేలను ఒప్పగించినది. జనసమూహపు కేకలు పోయినవి. వాటి చోట రహస్యపు నిశ్శబ్దం వచ్చినది. ఈ రెండింటిలో ఏది విద్యకు ఎక్కువ పరాయిది? కేకలలో కనీసం దాపరికం లేదు. ఎవరు గెలిచినారో, ఎవరు పడినారో 50,000 మంది చూసినారు. మెట్ల కింద జరిగినది మూడేండ్ల దాకా లోకానికి తెలియలేదు. హిరోషిమా, నాగసాకి నగరాలు 1945 ఆగస్టు 6న, 9న దగ్ధమైన తరువాతనే తెలిసినది. నాగసాకిని కాల్చిన ప్లూటోనియం ఆ గదిలో పుట్టిన విద్య పెద్దదై వండినదే.

అయితే కథలో న్యాయం పూర్తిగా అస్తమించలేదు. బాంబు ప్రయోగానికి ముందే, 1945 జూన్‌లో, అదే ప్రయోగశాలలోని జేమ్స్ ఫ్రాంక్ మొదలైనవారు దానిని హెచ్చరిక లేకుండా జపాన్ మీద వేయరాదని ప్రభుత్వానికి నివేదిక పంపినారు. జూలైలో జిలార్డ్ వ్రాసిన విన్నపం మీద 70 మంది శాస్త్రజ్ఞులు సంతకాలు చేసినారు. ఆ మొరలు ఫలించలేదు. యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, డిసెంబరులో, అణుశాస్త్రజ్ఞుల పత్రిక ఒకటి చికాగోలో వెలువడినది. ప్రళయానికి ఎన్ని నిమిషాలున్నవో చూపే గడియారపు బొమ్మను 1947లో లోకానికి ఇచ్చినది ఆ పత్రికయే. అడగకుండా చేసినవారి నడుమనుంచే అడిగేవారు లేచినారు. విద్యాలయం విద్యాలయంగా నిలిచినది ఆ అడగడం వల్లనే గాని, ఆ గదిలోని విజయం వల్ల కాదని మా అభిప్రాయం.

దొంతరను 1943లోనే విప్పి నగరం వెలుపలి అడవికి తరలించినారు. పడమటి మెట్లను 1957లో కూల్చివేసినారు. 1967 డిసెంబరు 2న, సరిగా పాతికేండ్లకు, హెన్రీ మూర్ చెక్కిన కంచు శిల్పాన్ని ఆ చోట ఆవిష్కరించినారు. దానిని చూసి పుర్రె అనేవారున్నారు, మబ్బు అనేవారున్నారు, శిరస్త్రాణమనేవారున్నారు. అణుశక్తిని తలచినపుడు ఏది అనవలెనో లోకానికి నేటికీ నిశ్చయం కాలేదు గనుక, శిల్పి ఉచితమైన పనే చేసినాడు.

మిగిలిన మైదానం మీద రీజెన్‌స్టీన్ గ్రంథాలయం 1970లో తెరచినారు. ఏడు అంతస్తులలో రెండు భూమికి దిగువన ఉన్నవి. దానికి ఆనుకుని, 35 లక్షల సంపుటాలు పట్టే భూగర్భ నిలయంతో, గాజు కప్పు గల మరొక గ్రంథాలయం 2011లో వెలసినది. ఆటగాండ్రు పడి లేచిన మట్టిని తవ్వి, ఆ గోతిలో పుస్తకాలను నాటినట్లయినది.

ఈ మూడవ జన్మలో మన తెలుగువారికి కూడా ఒక పాలు ఉన్నది. 1954 నాటి 480వ నంబరు చట్టం కింద అమెరికా మనకు గోధుమలను రూపాయలకు అమ్మినది. ఆ రూపాయలలో కొంత భాగంతో 1962 నుంచి మన దేశభాషలలో అచ్చయిన పుస్తకాలను కొని, అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయాలకు పంపినారు. వాటిలో చికాగో ఒకటి. కరవు రోజులలో మన వంటిండ్లకు గోధుమలు వస్తుంటే, మన అచ్చుకూటాల నుంచి తెలుగు కావ్యాలు, నవలలు, కథాసంపుటాలు ఓడలెక్కినవి. మన ఊళ్ళలో చెదలు తిన్న పుస్తకాలు కొన్ని అక్కడ చెక్కుచెదరక ఉన్నవని పరిశోధకులు చెప్పగా విన్నపుడు సంతోషమూ సిగ్గూ కలిసి వస్తవి. బ్రౌన్ దొర నిఘంటువును నేడు ఇంటింటా తెర మీద వెదకి చూసుకొనే సదుపాయం కలిగించినది కూడా చికాగో విశ్వవిద్యాలయమే. కడపలో ఆ బ్రౌన్ నివసించిన బంగళా శిథిలం కాగా ఆ చోట కూడా గ్రంథాలయమే వెలసినది. శిథిలాల మీద లేవదగిన కట్టడం గ్రంథాలయమేనని రెండు ఖండాలలోను తోచినదన్నమాట.

ఆట మాట ఏమైనదని పాఠకులు అడుగవచ్చును. అది చావలేదు. 1963లో విద్యార్థులు కొందరు మళ్ళీ ఫుట్‌బాల్ ఆడబోతే, పాత వైభవం పాత జబ్బును తెస్తుందని భయపడి సుమారు రెండు వందల మంది విద్యార్థులే మైదానంలో బైఠాయించినారు. కాని 1969లో ఆట తిరిగి విద్యాలయపు ఆటగా వచ్చినది. కొంచెం దూరంలో చిన్న మైదానం ఏర్పడినది; దానికి కూడా స్టాగ్ పేరే పెట్టినారు. అక్కడ ఆడేవారికి ఆట పేరిట వేతనాలు లేవు. చదువుకొనేవారే ఆడుతున్నారు, కొద్దిమందే చూస్తున్నారు. ఇంతకూ హార్పర్ కోరవలసినది ఇదే. ఆటలో దోషం లేదు. ఆట విద్యాలయానికి యజమాని కావడంలో దోషమున్నది. అణుశాస్త్రంలో కూడా దోషం లేదు. అది ఎవరికీ జవాబు చెప్పనవసరం లేనిదైనపుడు దోషం ప్రవేశించినది.

విశ్వవిద్యాలయపు నేల సామాన్యమైన నేల కాదు. అది పుట్టని తరాల పేరిట ఉంచిన నిక్షేపం. దాని మీద కన్నువేసేవారు ఎప్పుడూ ఉంటారు. ఒకసారి జనసమ్మర్దం పేరిట వస్తారు. ఒకసారి దేశరక్షణ పేరిట వస్తారు. మరొకసారి అభివృద్ధి పేరిట వస్తారు. ప్రతిసారీ కారణం ఘనంగానే ఉంటుంది. గడువు తక్కువగానే ఉంటుంది. వచ్చిన కోరిక మంచిదా చెడ్డదా అని ముందుగా తేల్చడం కష్టం. కాని దానిని నలుగురిలో పెట్టి, అధ్యాపకులనూ విద్యార్థులనూ ఇరుగుపొరుగునూ అడిగి నిర్ణయించినారా లేదా అన్నది తేల్చడం కష్టం కాదు. మన రాష్ట్రాలలోని విశ్వవిద్యాలయాల పాలకులు ఈ ఒక్క నియమాన్ని పాటించినా, ఆ నేలలకు తరువాత పశ్చాత్తాపపడవలసిన జన్మలు కొన్ని తప్పిపోగలవు.

చికాగోలో కంచు శిల్పం ముందు నిలబడినవాడు కుడిఎడమలు చూస్తే గ్రంథాలయపు కిటికీలు కనిపిస్తవి. లోపల ఎవరో విద్యార్థి తల వంచి చదువుకుంటూ ఉంటాడు. ఆ విద్యార్థి కూర్చున్నచోట ఒకనాడు వేలమంది అరచినారని, ఆ పక్కనే 49 మంది నోరు మెదపక నిలబడినారని వానికి తెలియకపోవచ్చును. తెలిసినవారు తెలియజెప్పవలెను. స్థలపురాణాలు ఉన్నది అందుకే కదా.